హెచ్ఐవీ రోగిని చూడటం ఫ్యామిలీ డాక్టరు పనే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అమెరికాలో స్పానిష్ మాట్లాడే ప్రజల మధ్య పనిచేస్తున్న తెలుగు డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు ఈ మధ్య హెచ్ఐవీ వైద్యం గురించి వరుసగా ఉత్తరాలు రాస్తున్నారు. అన్ని ఉత్తరాలలోనూ తిరిగి తిరిగి కనిపించే ప్రశ్న ఒక్కటే: స్పెషలిస్టు కాని డాక్టరు ఈ రోగులను తన దగ్గరే ఉంచుకుని చూడవచ్చా, చూడాలంటే ఏమి నేర్చుకోవాలి? అందుకే ఈసారి పేజీలన్నీ ఈ విషయానికే కేటాయించాను. రోగుల ఆనవాలు తెలిసే వివరాలను ఉత్తరాలలో నుంచి తీసివేశాను.

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ ఎంబీబీఎస్ పూర్తి చేసి, ఇప్పుడు టెక్సాస్‌లో ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీ చేస్తోంది. హిస్పానిక్ ప్రజలకు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారికి, హెచ్ఐవీ వైద్యం అందించడంలో ప్రత్యేక శిక్షణకు తనను ఎంపిక చేశారని చెప్పింది. జబ్బు అందరికీ ఒకటే అయినప్పుడు ఒక సమాజం కోసం వేరే శిక్షణ ఎందుకు? ఇంకొక మాట, తండ్రిగా అడుగుతున్నాను: ఆ పనిలో మా పిల్లకు ప్రమాదమేమీ లేదు కదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: మాస్టారూ, ముందు మీ రెండో ప్రశ్నకే జవాబు చెబుతాను, ఎందుకంటే మీ మనసులో అసలు బెంగ అదేనని నాకు అర్థమైంది. రోగికి వాడిన సూది పొరపాటున గుచ్చుకున్నా, ఏ మందూ వాడకపోయినా హెచ్ఐవీ సోకే అవకాశం వెయ్యిలో మూడు వంతులు మాత్రమే. 72 గంటల లోపు నివారణ మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే అది ఇంకా చాలా తగ్గుతుంది. 1985 నుంచి 2013 దాకా అమెరికా మొత్తం మీద వృత్తిలో ఉండగా హెచ్ఐవీ సోకినట్లు నిర్ధారణ అయిన వైద్య సిబ్బంది 58 మంది. వారిలో 1999 తరువాతి వారు ఒక్కరే. మీ అమ్మాయికి ఈ శిక్షణ వల్ల ప్రమాదం పెరగదు. ఎవరికి వైరస్ ఉందో తెలియకుండా పనిచేసే డాక్టరు కంటే, తెలిసి, రోగికి మందు ఇచ్చి వైరస్‌ను అణచి ఉంచే డాక్టరే క్షేమంగా ఉంటుంది.

ఇక మొదటి ప్రశ్న. మందు అందరికీ ఒకటే. ఆ మందు దాకా చేరే దారి అందరికీ ఒకటి కాదు. అమెరికా జనాభాలో హిస్పానిక్ ప్రజలు ఐదో వంతుకు కాస్త తక్కువగా ఉంటారు. 2022లో ఆ దేశంలో కొత్తగా హెచ్ఐవీ సోకిన వారు సుమారు 31,800 మంది అని అక్కడి వ్యాధి నివారణ సంస్థ సీడీసీ అంచనా వేయగా, అందులో దాదాపు మూడో వంతు హిస్పానిక్ ప్రజలే. 2018తో పోలిస్తే దేశమంతటా కొత్త కేసులు 12 శాతం తగ్గినా, స్వలింగ సంబంధాలున్న హిస్పానిక్ పురుషులలో ఆ తగ్గుదల కనిపించలేదు. సోకకుండా ముందే వేసుకునే ప్రెప్ మందు అవసరమైన హిస్పానిక్ ప్రజలలో అది అందింది సుమారు నలుగురిలో ఒకరికేనని అదే ఏడాది అంచనా. మందులు ఇంత మెరుగుపడిన రోజులలో కూడా ఒక సమాజం ఇలా వెనుకబడిపోయిందంటే, లోపం మందులో లేదు, దాన్ని అందించే పద్ధతిలోనే ఉంది.

మరొక సంగతి. 'హిస్పానిక్' అన్నది ఒక్క మాటే గాని ఒక్క సమాజం కాదు. ప్యూర్టోరికో వారు పుట్టుకతోనే అమెరికా పౌరులు, వారికి వీసా బెంగ ఉండదు. మెక్సికో సరిహద్దున తరతరాలుగా ఉన్న కుటుంబాలున్నాయి, నిన్నగాక మొన్న వెనెజులా నుంచి వచ్చిన వారున్నారు. గ్వాటెమాలా కొండ ప్రాంతాల నుంచి వచ్చి పొలాల్లో కూలి చేసుకునే వారిలో కొందరి మాతృభాష స్పానిష్ కూడా కాదు, మామ్, కిచే వంటి మాయా భాషలు. స్పానిష్‌లో చెప్పిన మాటకు మర్యాదకొద్దీ తల ఊపి, అర్థం కాకుండానే వెళ్ళిపోయే వారు వీరిలో ఉంటారు. శ్రీకాకుళం సవర గూడెంలో తెలుగులో చెప్పి వచ్చేసి, అంతా చెప్పేశామనుకునే డాక్టరును మీరు చూసే ఉంటారు. మీ అమ్మాయికి ఇచ్చే శిక్షణ ఆ పొరపాటు జరగకుండా ఉండటం కోసమే.

ప్రశ్న: జె-1 వీసా మినహాయింపు (డాక్టర్లు తక్కువున్న చోట పనిచేస్తే దేశంలో ఉండనిచ్చే ఏర్పాటు) మీద టెక్సాస్‌లోని రియో గ్రాండే లోయలో ఒక చిన్న పట్టణపు కమ్యూనిటీ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. నా రోగులు పదిమందిలో తొమ్మిదిమంది స్పానిష్ మాట్లాడేవారే. ఈ ఏడాది నా చేతుల మీదుగానే కొందరికి హెచ్ఐవీ బయటపడింది. రెసిడెన్సీలో నేర్పినట్లుగానే ఇన్ఫెక్షన్ స్పెషలిస్టుకు పంపించాను. ఆయన గంటన్నర ప్రయాణ దూరంలో ఉన్నారు, అపాయింట్‌మెంటుకు వారాలు పడుతుంది. పంపిన వారిలో సగం మంది వెళ్ళనే లేదు. నేనే చూడవచ్చా? నాకు ఆ అర్హత ఉందా?
– ఫ్యామిలీ డాక్టరు, దక్షిణ టెక్సాస్

జవాబు: చూడవచ్చు. మీ ఉత్తరం చదివాక, మీరు చూసి తీరాలనే అంటాను.

అర్హత సంగతి మొదట తేల్చుకుందాం. అమెరికాలో హెచ్ఐవీకి ప్రత్యేకంగా స్పెషాలిటీ బోర్డు లేదు. ఫ్యామిలీ మెడిసిన్ గాని, ఇంటర్నల్ మెడిసిన్ గాని చేసిన డాక్టరు హెచ్ఐవీ మందులు రాయడానికి చట్టం అడ్డు చెప్పదు. కొంత అనుభవం వచ్చిన తరువాత అమెరికన్ అకాడమీ ఆఫ్ హెచ్ఐవీ మెడిసిన్ ఇచ్చే గుర్తింపు పరీక్ష రాయవచ్చు, అది మీ ఇష్టం. 1990ల నడుమ రోజుకు పదిహేను ఇరవై మాత్రలు మింగించి, వాటి దుష్ఫలితాలతో సతమతమైన కాలంలో ఈ వైద్యం స్పెషలిస్టుల చేతిలో ఉండటం సబబే. ఇప్పుడు కొత్త రోగులలో చాలామందికి రోజుకు ఒక్క మాత్ర సరిపోతుంది. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, అణిగిన రోగికి తరువాతి ముప్పై ఏళ్ళూ కావలసింది రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్, టీకాలు, క్యాన్సర్ పరీక్షలు చూసే మనిషి. అది మీరు ఇప్పటికే చేస్తున్న పని.

స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళని ఆ సగం మందిని అశ్రద్ధపరులని అనుకోకండి. గంటన్నర ప్రయాణమంటే వారికి ఒక రోజు కూలి పోవడం. మీ లోయలో కొన్ని పట్టణాల నుంచి ఉత్తరానికి వెళ్ళే రోడ్డు మీద సరిహద్దు గస్తీ దళం చెక్‌పోస్టు ఉంటుంది. కాగితాలు లేని మనిషి ఆ రోడ్డు ఎక్కడు. పైగా స్పెషలిస్టు క్లినిక్ పేరు ఊళ్ళో అందరికీ తెలుసు, ఆ వాకిట్లో కనిపిస్తే కథ ముగిసినట్లేనని భయం. మీ క్లినిక్‌లోనైతే ఎవరు ఏ జబ్బుకు కూర్చున్నారో ఎవరికీ తెలియదు. జ్వరానికి వచ్చినట్లే వచ్చి వెళ్ళిపోవచ్చు. ఆ గుట్టే సగం వైద్యం.

మీ లాంటి వారి కోసం దారులు ఎప్పటి నుంచో ఉన్నాయి, కాని రెసిడెన్సీలలో వాటి గురించి చెప్పేవారు తక్కువ. ఎయిడ్స్ ఎడ్యుకేషన్ అండ్ ట్రైనింగ్ సెంటర్లు 1987లోనే మొదలయ్యాయి. ఇప్పుడవి బీమా లేనివారికి హెచ్ఐవీ వైద్యం అందించే రయాన్ వైట్ అనే ప్రభుత్వ కార్యక్రమంలో భాగం. దేశాన్ని ఎనిమిది ప్రాంతాలుగా పంచుకున్న ఈ కేంద్రాలు క్లినిక్‌కే వచ్చి నేర్పుతాయి, మీ కేసులు మీతో కూర్చుని చర్చిస్తాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నడిపే నేషనల్ హెచ్ఐవీ కరికులమ్ ఉచితంగా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, రోజుకు అరగంట చదివినా కొన్ని నెలల్లో పూర్తవుతుంది. కేసు చేతిలో ఉండగా సందేహం వస్తే శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపే నేషనల్ క్లినీషియన్ కన్సల్టేషన్ సెంటర్‌కు ఫోన్ చేయండి. రోగి పేరు చెప్పనక్కర లేదు. వయసు, పరీక్షల ఫలితాలు, వాడుతున్న మందులు చెబితే అనుభవజ్ఞుడైన డాక్టరో ఫార్మసిస్టో మీతో కలిసి ఆలోచిస్తారు.

అన్నింటికంటే మీకు పనికివచ్చే నమూనా న్యూ మెక్సికోలో పుట్టింది. ఆల్బుకర్కీలో సంజీవ్ అరోరా అనే కాలేయ వ్యాధుల నిపుణుడి దగ్గరకు హెపటైటిస్ సి రోగులు వందల మైళ్ళ నుంచి వచ్చేవారు. అపాయింట్‌మెంటుకు ఎనిమిది నెలలు పట్టేది. ఆ రాష్ట్రంలో హిస్పానిక్ ప్రజలు చాలా ఎక్కువ, పల్లెలు దూరదూరంగా ఉంటాయి. రోగులను రప్పించడం మాని, పల్లె డాక్టర్లకే వీడియోలో వారం వారం కేసులు చర్చిస్తూ నేర్పడం ఆయన 2003లో మొదలుపెట్టారు. దానికి ప్రాజెక్ట్ ఎకో అని పేరు. పల్లె క్లినిక్‌లలోనూ జైళ్ళలోనూ ప్రాథమిక వైద్యులు నయం చేసిన వారి శాతం, విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో నిపుణులు నయం చేసిన వారి శాతంతో సమానంగా ఉందని 2011లో వెలువడిన అధ్యయనం చూపింది. హెచ్ఐవీకి కూడా ఇప్పుడు అదే పద్ధతిలో అనేక ఎకో తరగతులు నడుస్తున్నాయి. ఒక దానిలో చేరి, మొదటి నెలలోనే మీ కేసు ఒకటి అందరి ముందు పెట్టండి. నలుగురూ తప్పులు ఎత్తిచూపుతారేమోనన్న జంకు సహజం. నేనూ జంకాను. అయినా ఆ గంటలో నేర్చుకున్నది పుస్తకంలో నేర్చుకున్న దానికంటే ఎక్కువ కాలం నిలిచింది.

స్పెషలిస్టును పూర్తిగా వదులుకోమని నా ఉద్దేశం కాదు. మందులకు లొంగని వైరస్, మెదడుకు సోకిన ఇన్ఫెక్షన్, క్షయ మెనింజైటిస్ (క్షయ వల్ల మెదడు పొరల వాపు), గర్భిణి వైరల్ లోడ్ తగ్గకపోవడం వంటివి వచ్చినప్పుడు ఆయన కావాలి. అప్పుడు కూడా రోగిని పంపించి చేతులు దులుపుకోవద్దు. ఆయన సలహా తీసుకుని, రోగిని మీ దగ్గరే ఉంచుకోండి.

ప్రశ్న: కాలిఫోర్నియా సెంట్రల్ వాలీలో రెండో సంవత్సరం రెసిడెంటును. మందులు ఎంత తేలికైనా, నేను చేయి పెడితే ఎక్కడ తప్పు జరుగుతుందోనని భయం. ముఖ్యంగా ఇక్కడి రోగులలో ఏ పొరపాట్లు జరుగుతాయో చెప్పగలరా?
– రెసిడెంటు డాక్టరు, ఫ్రెస్నో

జవాబు: భయం ఉండటం మంచిదే, అది మిమ్మల్ని పరీక్షలు మరిచిపోనివ్వదు. ఫలితం నిర్ధారణ అయిన రోజే సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క), వైరల్ లోడ్, మందుల నిరోధకత చూపే జీనోటైప్, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, కిడ్నీ, లివర్, క్షయ రక్తపరీక్షలకు పంపించి, బిక్టెగ్రవిర్ ఉన్న ఒక్క మాత్రనో, డోలుటెగ్రవిర్‌కు టెనోఫోవిర్, మరొక మందు చేర్చిన కలయికనో ఆ రోజే మొదలుపెట్టవచ్చు. జీనోటైప్ రిపోర్టు వచ్చేదాకా ఆగనక్కర లేదు. అయితే డోలుటెగ్రవిర్, లామివుడిన్ రెండే ఉన్న మాత్రను మాత్రం హెపటైటిస్ బి ఫలితం, జీనోటైప్, వైరల్ లోడ్ చూడకుండా మొదలుపెట్టకండి. హెపటైటిస్ బి కూడా ఉన్న రోగికి ఆ రెండు మందులూ చాలవు. అలాంటి రోగికి ఏ కారణం చేతనైనా, హెపటైటిస్ బిని కూడా అణచి ఉంచే టెనోఫోవిర్ ఆపేస్తే కాలేయం ఒక్కసారిగా దెబ్బతినవచ్చు.

తలనొప్పి, జ్వరం, మెడ బిగుసుకుపోవడం ఉన్న రోగికి ఆ రోజే మందు మొదలుపెట్టే ఉత్సాహం వద్దు. క్రిప్టోకాకస్ మెనింజైటిస్ గాని, క్షయ మెనింజైటిస్ గాని ఉండగా హెచ్ఐవీ మందులు తొందరగా మొదలుపెడితే ప్రాణానికే ముప్పు. ముందు మెనింజైటిస్‌కు చికిత్స చేసి, కొన్ని వారాలు ఆగాలి.

మీ ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతులు కొన్ని ఉన్నాయి, పాఠ్యపుస్తకంలో ఇవి ఎక్కడో చివర ఉంటాయి. మీరున్న వాలీలోని దుమ్ములోనే వాలీ ఫీవర్ తెచ్చే శిలీంధ్రం, కాక్సిడియాయిడిస్, ఉంటుంది. ద్రాక్ష తోటల్లో, బాదం తోటల్లో పనిచేసేవారు దాన్ని పీలుస్తారు. సీడీ4 తగ్గిన కూలి మనిషికి తగ్గని దగ్గు వస్తే న్యుమోనియా మందు రెండోసారి రాసే ముందు దాని పరీక్ష చేయించండి. మెక్సికో, మధ్య అమెరికా నుంచి వచ్చిన వారిలో జ్వరం, బరువు తగ్గడం, రక్తకణాలు పడిపోవడం, ప్లీహం పెరగడం కలిసి కనిపిస్తే హిస్టోప్లాస్మోసిస్ అనే మరో శిలీంధ్ర వ్యాధిని తలచుకోవాలి. లాటిన్ అమెరికా పల్లెలో మట్టి గోడల ఇంట్లో పెరిగిన మనిషికి చాగస్ అనే పరాన్నజీవి జబ్బు పరీక్ష తప్పకుండా చేయించండి. ఆ పరాన్నజీవి దశాబ్దాలు నిద్రాణంగా ఉండి, సీడీ4 పడిపోయినప్పుడు మెదడులో గడ్డలా లేస్తుంది. స్కాన్‌లో టాక్సోప్లాస్మా అనే మరో పరాన్నజీవి గడ్డలాగే కనిపిస్తుంది. టాక్సో మందుకు మాత్రం తగ్గదు.

ఇక రోజూ ఎదురయ్యేవి. ఈ సమాజంలో షుగర్ జబ్బు ఎక్కువ, కనుక మీ రోగులలో చాలామంది మెట్‌ఫార్మిన్ వేసుకుంటూ ఉంటారు. డోలుటెగ్రవిర్ మెట్‌ఫార్మిన్ మోతాదును రక్తంలో పెంచుతుంది. ఆ రెండూ కలిసినప్పుడు మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వకపోవడం మంచిది. యాంటాసిడ్లతో కలిపి వేసుకుంటే డోలుటెగ్రవిర్ ఒంటికి పట్టదు, వాటికి రెండు గంటల ముందో ఆరు గంటల తరువాతో వేసుకోమనాలి. కాబిసిస్టాట్ (ఇతర హెచ్ఐవీ మందుల బలం పెంచేందుకు కలిపేది) ఉన్న మాత్ర వాడే రోగికి మోకాలి నొప్పికని ట్రయామ్‌సినలోన్ ఇంజెక్షన్ ఇస్తే ముఖం ఉబ్బి, చక్కెర పెరిగి, అడ్రినల్ గ్రంథులు పనిచేయడం మానేయవచ్చు. ఆ ఇంజెక్షన్ చాలాసార్లు వేరే క్లినిక్‌లో పడుతుంది, రోగి హెచ్ఐవీ మాట అక్కడ చెప్పడు.

మందుల పేర్లు అడిగినప్పుడు 'ఇంకేమి వాడుతున్నారు?' అని అడిగి ఊరుకోవద్దు. 'సరిహద్దు అవతలి మందుల షాపులో ఏమి కొన్నారు, చుట్టాలు ఏమి పంపారు, ఇంట్లో ఎవరైనా విటమిన్ ఇంజెక్షన్ వేశారా' అని విడివిడిగా అడగండి. కీళ్ళ నొప్పులకు మూలికల మందని అమ్మే కొన్ని బిళ్ళలలో లేబుల్ మీద లేని డెక్సామెథాసోన్, డైక్లోఫెనాక్ ఉన్నట్లు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది. దిగులు తగ్గడానికని వాడే సెయింట్ జాన్స్ వర్ట్, స్పానిష్‌లో యెర్బా దె సాన్ హ్వాన్, హెచ్ఐవీ మందుల బలాన్ని తగ్గిస్తుంది. మన ఇళ్ళలో భస్మాలు, లేహ్యాలు వాడుతూ అల్లోపతి డాక్టరుకు చెప్పని పెద్దలను చూసి పెరిగిన మీకు ఈ ప్రశ్న ఎలా అడగాలో నేను వేరే నేర్పనక్కర లేదు. కోప్పడినట్లు ధ్వనించకపోతే చాలు.

ప్రశ్న: అరిజోనాలో ఒక క్లినిక్‌లో నర్సును. మా దగ్గర ఫోన్‌లో స్పానిష్ దుబాసీ దొరుకుతారు గాని, అది ఆలస్యమని డాక్టర్లు రోగి వెంట వచ్చిన పిల్లలనే అడిగి పని కానిచ్చేస్తారు. హెచ్ఐవీ విషయంలో కూడా ఇలా చేయడం నా మనసుకు నచ్చడం లేదు. నేను ఏమి చేయాలి?
– నర్సు, ఫీనిక్స్

జవాబు: అమ్మా, మీ మనసు చెబుతున్నదే సరైనది, చట్టం కూడా అదే చెబుతుంది. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రి ఇంగ్లీషు రాని రోగికి అర్హత ఉన్న దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. ఈ బాధ్యత 1964 నాటి పౌరహక్కుల చట్టం నుంచే ఉంది. 2010 నాటి ఆరోగ్య చట్టం కింది నియమాలు, అత్యవసరం తప్ప, చిన్న పిల్లలతో అనువాదం చేయించకూడదని స్పష్టంగా చెప్పాయి.

నేను శిక్షణలో ఉన్నప్పుడు చూసిన దృశ్యం ఒకటి చెబుతాను. నలభై ఏళ్ళ మనిషి, హోటల్ వంటశాలలో గిన్నెలు కడిగే పని, చేతివేళ్ళు సబ్బునీళ్ళకు ఒరుసుకుపోయి ఉన్నాయి. పక్కన స్కూలు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని పన్నెండేళ్ళ కూతురు. డాక్టరు ఇంగ్లీషులో 'నీకు ఎంతమందితో సంబంధం ఉంది, మగవారితోనా ఆడవారితోనా అని నాన్నను అడుగు' అన్నాడు. ఆ పిల్ల తండ్రి వైపు చూడకుండా, నేల మీది టైల్స్ చూస్తూ, స్పానిష్‌లో 'నాన్నా, నీకు స్నేహితులు ఎక్కువమంది ఉన్నారా అని అడుగుతున్నాడు' అన్నది. తండ్రి 'ఉన్నారమ్మా, అందరూ మంచివాళ్ళే' అన్నాడు. పిల్ల 'లేరు' అని ఇంగ్లీషులో చెప్పింది. డాక్టరు చార్టులో ప్రమాదకర సంబంధాలు లేవని రాశాడు. నాకు అప్పటికి అరకొర స్పానిష్ వచ్చు. విని కూడా నోరు మెదపలేదు. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. మరుసటి ఏడాది అతడు సీడీ4 బాగా పడిపోయి, న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరాడు.

పిల్ల అబద్ధం చెప్పలేదు, తండ్రి పరువు కాపాడింది. ఆ బరువు దాని నెత్తిన పెట్టింది మేము. అమెరికాలో హెచ్ఐవీ బయటపడే హిస్పానిక్ రోగులలో సుమారు ఐదుగురిలో ఒకరికి జబ్బు ముదిరి ఎయిడ్స్ దశకు వచ్చాకే తెలుస్తోందంటే, దానిలో ఇలాంటి సంభాషణల వాటా ఎంతో మీరే ఊహించుకోండి.

కాబట్టి ఫోన్ దుబాసీని పిలిచే పని డాక్టరు గదిలోకి రాకముందే మీరు చేసేయండి. వెంట వచ్చిన వారిని, భార్యను కూడా, 'రక్తపోటు చూసే సమయంలో రోగి ఒంటరిగా ఉండాలన్నది మా క్లినిక్ పద్ధతి' అని ప్రతి ఒక్కరికీ ఒకేలా చెప్పి బయట కూర్చోబెట్టండి. అందరికీ ఒకటే పద్ధతైతే ఎవరికీ అనుమానం రాదు. ఊరు చిన్నదైతే మరొక జాగ్రత్త కావాలి: దుబాసీ ఆ ఊరివాడే అయితే రోగి నోరు విప్పడు. దూరాన ఉన్న ఫోన్ దుబాసీయే మేలు, అతడికి రోగి పేరు చెప్పవద్దు.

మాట విషయంలో కూడా ఒక్క క్షణం. స్పానిష్‌లో ఎయిడ్స్‌ను 'సీడా' అంటారు, హెచ్ఐవీని 'వే-ఇ-ఆచే' అంటారు. వయసు మీరినవారికి సీడా అంటే చావు కబురే. వైరస్ ఉండటం వేరు, సీడా వేరు అని మొదటి రోజునే విడమరచకపోతే, తరువాత మీరు చెప్పేదేదీ వారి చెవికెక్కదు. సంబంధాల గురించి అడిగేటప్పుడు భార్య, భర్త అనకుండా 'పారేహా' అని, అంటే తోడు అని అడగండి. భార్యాపిల్లలున్న కొందరు పురుషులు పురుషులతో సంబంధాలున్నా తమను 'గే' అనే పేరుతో పిలుచుకోరు. ఆ పేరు అడగకుండా, ఎవరితో సంబంధం ఉందో అడిగితే నిజం చెబుతారు.

మీ క్లినిక్‌లో 'ప్రోమోతోరా'లు ఉన్నారా? మన ఆశా కార్యకర్తల వంటి వారు. అదే వీధిలో ఉండే ఆడవారు, చర్చిలోనూ మార్కెట్‌లోనూ అందరికీ తెలిసినవారు. రోగి అనుమతి ఉంటే, మందు మానేసిన మనిషిని తిరిగి మీ గుమ్మానికి తీసుకురావడం డాక్టరు ఫోన్ కంటే వారివల్ల తొందరగా అవుతుంది. శిక్షణలో డాక్టర్లతో పాటు వారినీ కూర్చోబెట్టమని మీ అధికారులను అడగండి. నన్నడిగితే, మొదటి పాఠం వారే చెప్పాలి.

ప్రశ్న: హ్యూస్టన్‌లో ఫార్మసిస్టును. ఒక రోగి హెచ్ఐవీ మాత్రల సీసా మీద లేబుల్ తీసేసి విటమిన్ సీసాలో పోసి ఇమ్మని బతిమాలుతున్నాడు. కుదరదని చెప్పాను. అలాగే 'వైరస్ కనిపించడం లేదు' అని డాక్టరు చెప్పారట, దాంతో జబ్బు నయమైపోయిందని మందు మానేద్దామనుకుంటున్నాడు.
– ఫార్మసిస్టు, హ్యూస్టన్

జవాబు: కుదరదనడం సరైనదే, కాని ఆ మాట దగ్గరే ఆగిపోతే రోగి మీ ఫార్మసీకి రావడం మానేస్తాడు. ఒకే ఇంట్లో ఐదారుగురు కూలి పనివారు కలిసి ఉండే చోట మాత్రల సీసా గుట్టుగా ఉంచుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. వారం రోజుల మాత్రలు అరలుగా పెట్టుకునే డబ్బా ఇవ్వండి, అసలు సీసా ఎక్కడ భద్రంగా ఉంచుకోవచ్చో అతడితోనే మాట్లాడండి. ఎవరికీ తెలియకుండా వేసుకోవడమే పెద్ద సమస్య అయితే, రెండు నెలలకొకసారి ఇచ్చే కాబోటెగ్రవిర్, రిల్పివిరిన్ ఇంజెక్షన్ల గురించి డాక్టరుతో మాట్లాడమని చెప్పండి. హెపటైటిస్ బి ఉన్నవారికి అవి ఒక్కటే చాలవన్నది గుర్తుంచుకోవాలి.

లేబుల్ మీద 'రోజుకు ఒకసారి' అని ఇంగ్లీషులో అచ్చువేసే 'వన్స్' అనే మాటను స్పానిష్ వచ్చిన మనిషి చదివితే అది 'ఓన్సే', అంటే పదకొండు. కంప్యూటర్ అనువాదం మీద నమ్మకం పెట్టి, సగం ఇంగ్లీషు సగం స్పానిష్ లేబుల్ ఇవ్వవద్దు. చూపుడు వేలితో చూపి, ఎన్ని, ఎప్పుడు వేసుకుంటాడో అతడి నోటితోనే చెప్పించుకోండి.

కనిపించడం లేదన్న మాటకు రెండు సగాలున్నాయి, మీ రోగి విన్నది ఒక సగమే. మందు క్రమంగా వేసుకుంటూ, రక్తపరీక్షకు అందనంతగా వైరస్ అణిగి ఉన్న మనిషి నుంచి తోడుకు లైంగికంగా వైరస్ సోకదు. 2011లో మొదలుకొని వచ్చిన పెద్ద అధ్యయనాలు దీన్ని రుజువు చేశాయి. స్పానిష్‌లో దీన్ని 'ఇందెతెక్తాబ్లే, ఇంత్రాన్స్‌మిసీబ్లే' అంటారు, అతడికి ఆ రెండు మాటలూ చెప్పండి. రెండో సగం: మందు మానితే కొన్ని వారాల్లోనే వైరస్ తిరిగి లేస్తుంది. 'పడుకుంది, పోలేదు, రోజూ వేసుకునే మాత్రే దాన్ని పడుకోబెడుతోంది' అని నేను చెబుతుంటాను, అర్థం కాని రోగి ఇప్పటిదాకా తగల్లేదు.

ప్రశ్న: ప్రెప్ మందు కూడా ఫ్యామిలీ డాక్టరే రాయవచ్చా?
– డాక్టరు, మయామి

జవాబు: రాయవచ్చు, రాయాలి. 2012 నుంచి మాత్రలున్నాయి, 2021 చివర రెండు నెలల ఇంజెక్షన్ వచ్చింది, 2025లో ఆరు నెలలకొకసారి వేసే లెనకపవిర్ వచ్చింది. మొదలుపెట్టే ముందు హెచ్ఐవీ లేదని పరీక్షించడం, మందును బట్టి కిడ్నీ పరీక్ష, హెపటైటిస్ బి పరీక్ష, మాత్రలైతే మూడు నెలలకొకసారి మళ్ళీ పరీక్ష: ఇందులో మీకు రానిదేమీ లేదు. రోగి అడిగేదాకా ఆగవద్దు. బీపీ మాట్లాడినంత మామూలుగా మీరే ఎత్తండి.

ప్రశ్న: 'ఇక్కడ మందు తీసుకుంటే నన్ను పట్టిస్తారా?' అని రోగులు అడుగుతున్నారు. ఏమి చెప్పాలో తోచడం లేదు.
– కమ్యూనిటీ క్లినిక్ డాక్టరు, జార్జియా

జవాబు: ముందు ఆ ప్రశ్న అడిగినందుకు రోగికి కృతజ్ఞత చెప్పండి, అడగకుండా వెళ్ళిపోయేవారే ఎక్కువ. హెచ్ఐవీ ఉన్నవారు అమెరికాలోకి రాకుండా ఉన్న నిషేధం 2010 జనవరిలోనే తొలగిపోయింది, కాని చాలామంది అది ఇంకా ఉందనుకుంటున్నారు. బీమా లేనివారికి హెచ్ఐవీ వైద్యం అందించే రయాన్ వైట్ చట్టంలో పౌరసత్వపు షరతు లేదు. ప్రభుత్వ సాయాల అర్హత నియమాలు 2025 నుంచి మారుతూ వస్తున్నాయి కాబట్టి, మీకు తెలియని దానికి హామీ ఇవ్వకండి. మీ క్లినిక్ సోషల్ వర్కరును, స్థానిక ఉచిత న్యాయ సహాయ సంస్థను నెలకొకసారి అడిగి తెలుసుకుని, ఆ నాటికి నిజమైనదే చెప్పండి.

వైద్యానికి అవసరం లేని ప్రశ్న రోగిని అడగకండి, అడగనిది చార్టులో రాయకండి. వలస స్థితి అలాంటిదే. ఏ దేశంలో పుట్టారన్నది చాగస్, క్షయ పరీక్షల కోసం కావాలి. అది అడిగేటప్పుడు ఎందుకడుగుతున్నారో ముందే చెప్పండి. ఫోన్‌లో ఏ నంబరుకు, ఏ పేరుతో, ఏ వేళకు పిలిస్తే క్షేమమో అతడినే అడిగి రాసుకోండి. క్లినిక్ నుంచి వచ్చే ఉత్తరం కవరు మీద జబ్బును పట్టిచ్చే మాట ఏదీ లేకుండా చూడండి. నిధులు, నియమాలు ఎటు తిరుగుతాయో తెలియని కాలంలో, ప్రతిసారీ మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వడానికి బీమా, ఫార్మసీ ఒప్పుకుంటే ఇచ్చేయండి. అతడు రాలేకపోయిన నెలలో కూడా మాత్ర చేతిలో ఉంటుంది.